రోగికి తోడున్నవారికి తోడెవరు?

ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే మరొకరి కూలి కూడా పోయినట్టే. కోడలో, కూతురో మంచం దగ్గరే ఉండిపోవాలి. నాట్ల రోజుల్లో అదెంత దెబ్బో సేద్యం చేసే ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆమె చాకిరీకి జీతమూ లేదు, సెలవూ లేదు.

ఈ విషయంలో కేరళను చూడాలి. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ ప్రభృతులు ఉపశమన చికిత్సా సంఘం స్థాపించారు. అందులోంచే ఉత్తర కేరళ ఊళ్లలో ఇరుగుపొరుగు బృందాలు పుట్టాయి. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే చాలు, ఎవరైనా చేరవచ్చు. 16 గంటల పాఠాలు, నాలుగు రోజులు రోగుల దగ్గర పని, ఇదీ శిక్షణ. రోగిని రెండేసి గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టమని వీళ్లు ఇంటివాళ్లకు చేసి చూపిస్తారు. ఒకేచోట ఒత్తిడి పడితే రక్తం ఆడక చర్మం చచ్చి పుండవుతుంది మరి! బియ్యం నిండుకుంటే తెచ్చిస్తారు, పిల్లల చదువు సంగతీ కనుక్కుంటారు. ఖర్చంతా చాలావరకు ఊరివాళ్ల చిల్లర చందాలే.

2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించింది. తర్వాత ‘ఆశ్వాసకిరణం’ పథకం కింద సేవచేసేవారికి నెలకు 600 రూపాయలు నిర్ణయించింది. అది రెండ్రోజుల కూలికి కూడా సరిరాదు.

మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో మొక్కలు నాటుతున్నాం, రోడ్లు ఊడుస్తున్నాం. ఆ 16 గంటల పాఠం కూడా వచ్చే శిబిరంలో పెట్టించమని యూనియన్‌వారిని అడుగుతున్నాను.