బేరం వదులుకోగలిగిన దుకాణం: సుపేలా యువతకు స్కూబా రంగంలో కొలువులు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌కి ఏ దిక్కునా సముద్రం లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు వెలసి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించుకున్న ఈ ఉక్కు పట్టణానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడి, ఇంట్లో ఉత్తరాంధ్ర యాసను, బజారులో హిందీని, ఇరుగుపొరుగుతో ఛత్తీస్‌గఢీని మాట్లాడుతున్నాయి. తాతలకూ తండ్రులకూ దొరికినట్టు కర్మాగారంలో స్థిరమైన కొలువు దొరకని యువకులకు జీ.ఈ. రోడ్డును ఆనుకున్న సుపేలా బజారులో, మొబైల్ షాపు కౌంటరు వెనకో బట్టల దుకాణంలోనో మొదటి జీతం అందడం సాధారణమే. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు మొదలై, సుమారు 565 కిలోమీటర్ల దూరం ఎనిమిది గంటల ప్రయాణంగా మారింది కనుక, విశాఖ తీరంలోని స్కూబా దుకాణాలను సెలవుల వినోదంగానే కాక, ఆ కౌంటరు అనుభవానికి వెల పలికే ఒక చోటుగా కూడా పరిశీలించడం అసంగతం కాదు.

స్కూబా అంటే మనిషి తనకు కావలసిన గాలిని తానే వీపున మోసుకుంటూ నీటి అడుగున శ్వాసించే పద్ధతి. ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ 1943లో రూపొందించిన ఆక్వా లంగ్ అనే పరికరంతో ఇది సామాన్యులకు అందుబాటులోకి రావడానికి దారి పడింది. సిలిండరులోని అధిక పీడనపు గాలిని తగ్గించి, ఈదేవాడు పీల్చినప్పుడు మాత్రమే నోటికి అందించే కవాటాన్ని రెగ్యులేటర్ అనీ, గాలి నింపి వదులుతూ తేలడాన్నీ మునగడాన్నీ అదుపు చేసుకొనే చొక్కాలాంటి తొడుగును బీసీడీ అనీ అంటారు. ఈ పరికరాలను అద్దెకిచ్చి, గాలి నింపే కంప్రెసరును నడిపి, పడవ ఏర్పాటు చేసి, కొత్తవారికి తొలి మునక వేయించి, ఆసక్తి ఉన్నవారికి శిక్షణ ఇచ్చే సంస్థను ఈ రంగంలో డైవ్ షాప్ అని పిలుస్తారు. పేరుకు దుకాణమే అయినా అక్కడ అమ్ముడయ్యే అసలు సరుకు అల్మరాలో ఉండదు. ముక్కూ మొహమూ తెలియని మనిషి చేతికి తన ఊపిరిని అప్పగించడానికి పర్యాటకుడు సిద్ధపడే నమ్మకమే ఆ సరుకు.

ఆ నమ్మకానికి పునాది భౌతికశాస్త్రంలో ఉంది. సముద్రంలో పది మీటర్ల లోతుకు చేరేసరికి శరీరంపై పీడనం నీటి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఆ లోతున ఊపిరి నిండా గాలి పీల్చి, దాన్ని బిగబట్టి పైకి వచ్చే మనిషి ఛాతీలో ఆ గాలి రెట్టింపు పరిమాణానికి వ్యాపించి ఊపిరితిత్తులను చీల్చగలదు కాబట్టే, నీటిలో ఊపిరి బిగబట్టకూడదన్నది ఈ విద్యలో మొదటి పాఠం. చెవుల లోపలి గాలిని బయటి పీడనంతో సమం చేయడం రెండోది. వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అని పత్రికలు సైతం తరచూ రాస్తుంటాయి గానీ, వినోదపు మునకల్లో వాడేది వడపోసి, అణచి నింపిన మామూలు గాలి; శుద్ధ ఆక్సిజన్ సుమారు ఆరు మీటర్ల లోతు దాటితే మూర్ఛ తెప్పించేంత ప్రమాదకరమవుతుంది. వెల్డింగు సిలిండర్లను రోజూ చూసే భిలాయ్ యువకుడికి ఈ తేడా ఒక్క మాటలో బోధపడుతుంది. ఉబ్బసం ఉన్న కొడుకుతో వచ్చి, ఆక్సిజనే కదా మంచిదేగా అని అడిగే తల్లికి దాన్ని ఓపికగా, ఆమె భాషలో చెప్పగలగడమే ఇక్కడ ఉద్యోగం.

విశాఖలో ఈ వ్యాపారం ప్రధానంగా రుషికొండ, మంగమారిపేట, భీమిలి వైపు సాగే తీరం వెంబడి నడుస్తోంది. బంగాళాఖాతంలోకి నదులు మోసుకొచ్చే ఒండ్రు వల్ల నీటి స్పష్టత రోజుకో తీరుగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు అడ్డుపడితే, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన నగరంలో ఆ భయాన్ని ఎవరికీ ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. పని దినాలు ఇలా తగ్గుతూ, వచ్చే పర్యాటకుల్లో చాలామంది జీవితంలో ఒక్కసారే నీటిలోకి దిగేవారైనప్పుడు, దుకాణాల మధ్య పోటీ సహజంగానే ధర మీదికి మళ్లుతుంది. పర్యాటకుడు ఒక మాస్కుకూ మరో మాస్కుకూ తేడా గుర్తించలేడు, రెగ్యులేటరుకు చివరిసారి ఎప్పుడు మరమ్మతు జరిగిందో అడగడు. అతనికి కనిపించేవి మూడే, ధర, ఫోటోలు, ఫోనులో చదివిన సమీక్షలు. హోటలు రిసెప్షన్‌కో ఆటో డ్రైవరుకో కమీషన్ ముట్టజెప్పి బేరాన్ని తన వైపు తిప్పుకొనే దుకాణం ఆ కమీషనును ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. నీటిలో గడిపే నిమిషాలు తగ్గించడమో, ఒక శిక్షకుడికి ఎక్కువమందిని అప్పగించడమో, ఏడాదికోసారి చేయించవలసిన పరికరాల సర్వీసును వాయిదా వేయడమో అందుకు సులువైన దారులు. బట్టల దుకాణంలో ధర తగ్గితే నూలు పలచబడుతుంది, ఉతికాక తెలుస్తుంది. డైవ్ షాపులో ధర తగ్గితే ఏది పలచబడిందో తెలిసేసరికి మనిషి నీటిలో ఉంటాడు.

అందువల్ల ఈ రంగంలో వినియోగదారుల సేవ అనే మాటకు చిరునవ్వు, మంచినీళ్ల గ్లాసు అన్న అర్థం చాలదు. మునకకు ముందు నింపించే ఆరోగ్య ప్రశ్నావళిలో ఉబ్బసం, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స, గర్భం, మూర్ఛ వంటి అంశాలు ఉంటాయి. జలుబు ఉన్నా చెవుల్లో పీడనం సమం కాక బాధ తప్పదు. ఇంత దూరం వచ్చి, డబ్బు కట్టి, స్నేహితుల ముందు వెనక్కి తగ్గలేక అన్ని గడుల్లోనూ లేదు అని టిక్కు పెట్టే పర్యాటకుడి ముఖం చూసి అనుమానం పసిగట్టి, పక్కకు పిలిచి, చిన్నబుచ్చకుండా అడిగి, అవసరమైతే ఈరోజు వద్దని చెప్పి డబ్బు వాపసు ఇచ్చే ఉద్యోగి దుకాణానికి ఆ పూట నష్టం తెచ్చినట్టు కనిపిస్తాడు. యజమాని వివేకవంతుడైతే అతన్నే అట్టిపెట్టుకుంటాడు.

దీనికి విశాఖకే చెల్లిన ఉదాహరణ అరకు యాత్ర. నీటి అడుగున పీడనం వల్ల గాలిలోని నైట్రోజన్ కొంత శరీరంలో కరిగి, పైకి వచ్చాక నెమ్మదిగా బయటికి పోతుంది. ఈలోగా పీడనం మరింత తగ్గే ఎత్తైన చోటికి వెళితే ఆ వాయువు బుడగలుగా మారి కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తెచ్చే ప్రమాదం ఉంది. ఒక మునక తరువాత కనీసం 12 గంటలు, వరుస మునకల తరువాత 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలన్న సూచన ఇందుకోసమే పుట్టింది. సుమారు 600 మీటర్లు మించిన కొండ ప్రాంతాలకూ అది వర్తిస్తుంది. అరకు లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. రాయ్‌పూర్ నుంచో దుర్గ్ నుంచో రెండు రోజుల సెలవు మీద వచ్చిన కుటుంబం ఉదయం సముద్రం, మధ్యాహ్నం అరకు అని ప్రణాళిక వేసుకోవడం సర్వసాధారణం. తొలి మునక లోతు తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువే అయినా, బుకింగ్ సమయంలోనే మీ తరువాతి మజిలీ ఏమిటని అడిగి, అరకును ముందురోజుకు జరపమని చెప్పే దుకాణం, ధరలో వంద రూపాయలు తగ్గించిన పొరుగు దుకాణం కన్నా ఎక్కువ ఇచ్చినట్టే లెక్క. ఆ ప్రశ్న అడగడానికి సముద్ర శాస్త్రంలో పట్టా అక్కరలేదు, ఎదుటి కుటుంబం మాట్లాడే హిందీ వస్తే చాలు.

సుపేలా యువకుడి బలం సరిగ్గా ఇక్కడే ఉంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చే పర్యాటకులతో ధారాళమైన హిందీలోనూ, పడవ నడిపే మత్స్యకారులతో శ్రీకాకుళం పలుకుబడిలోనూ మాట్లాడగలిగిన మనిషి విశాఖ తీరంలో తేలికగా దొరకడు. ఆన్‌లైన్ ధరను ఫోనులో చూపించి బేరమాడే కొనుగోలుదారును ఎలా నిలుపుకోవాలో మొబైల్ షాపులో పనిచేసినవారికి ఎవరూ నేర్పక్కరలేదు. డైవ్ షాపులకూ అదే సమస్య ఎదురైంది: డెకత్లాన్ వంటి సంస్థలు మాస్కులు, ఫిన్స్ అనే కాలి తెడ్లు నేరుగా అమ్ముతున్నప్పుడు స్థానిక దుకాణానికి మిగిలేది ముఖానికి మాస్కు సరిపోయిందో లేదో పెట్టి చూపించడం, గాలి నింపడం, మరమ్మతు చేయడం, నీటిలో తోడు రావడం. వస్తువు ఎవరి దగ్గర కొన్నా పర్యాటకుడు చివరికి ఈ పనులకోసం దుకాణానికే రావాలి కనుక, బయట కొన్న మాస్కుతో వచ్చినవాణ్ణి చిన్నచూపు చూసే ఉద్యోగి తన బేరాన్ని తానే చెడగొట్టుకుంటాడు.

ఈ బలానికి తోడు సంపాదించవలసింది ఈత. ప్యాడీ, ఎస్‌ఎస్‌ఐ వంటి అంతర్జాతీయ శిక్షణ సంస్థల పాఠ్యక్రమాలే భారతదేశంలో ఎక్కువగా అమలులో ఉన్నాయి. వాటిలో మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ డైవర్ కోర్సు మూడు నాలుగు రోజుల్లో పూర్తయి, 18 మీటర్ల లోతు వరకు వెళ్లే అర్హతనిస్తుంది. ప్యాడీ పద్ధతిలో ఇందుకు ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి, పది నిమిషాలు నీటిపై తేలగలగాలి. భిలాయ్‌లోని ఈతకొలనులో ఒక వేసవి శ్రద్ధగా గడిపితే ఇది సాధ్యమే. ఆపైన అడ్వాన్స్‌డ్, రెస్క్యూ డైవర్ మెట్లు దాటి, 18 ఏళ్లు నిండి, 40 మునకలు నమోదు చేసుకున్నవారు డైవ్‌మాస్టర్ శిక్షణలో చేరవచ్చు. పట్టా చేతికి రావడానికి 60 మునకలు కావాలి. ఇప్పటికే పట్టా పొందిన డైవర్లను వెంట తీసుకుపోయి నడిపించే ఈ హోదాయే వృత్తిలో తొలి గుర్తింపు. శిక్షకుడు కావాలంటే 100 మునకలు తప్పనిసరి. ప్రతి మెట్టుకూ డబ్బు ఖర్చవుతుంది కనుక, పని చేయించుకుని శిక్షణ ఉచితంగా ఇస్తామనే ఇంటర్న్‌షిప్పులు ఆకర్షిస్తాయి. నెలకు ఎన్ని మునకలు, వసతి ఎవరిది, పట్టా రుసుము ఎవరు కడతారు అనేవి కాగితం మీద రాయించుకోని అభ్యర్థి ఒక సీజనంతా సిలిండర్లు మోసి ఇంటికి తిరిగి రావడమూ జరగవచ్చు.

విశాఖలో సీజను చిన్నదైతే అండమాన్ ఉంది. అక్కడ అక్టోబరు నుంచి మే వరకు పని దొరుకుతుంది. హావ్‌లాక్‌గా పిలిచిన స్వరాజ్ ద్వీపంలో డైవ్ షాపులు ఒకదాని పక్కన ఒకటి ఉండి, పోటీ విశాఖ కన్నా తీవ్రంగా సాగుతుంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో మాతృభాషల వరుసలో బెంగాలీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే కనుక, కొత్తగా వెళ్లినవారు పూర్తిగా పరాయివారు కారు.

భిలాయ్ ఐటీఐలలో వెల్డింగు చదివేవారిని నీటి అడుగున వెల్డింగు, లక్షల జీతం అంటూ ఊరించే ప్రకటనల విషయంలో ఒక భేదం గుర్తుంచుకోవాలి. అది వాణిజ్య డైవింగ్. దాని శిక్షణ, ప్రమాదం, పట్టాలు అన్నీ వేరు, వినోద డైవింగ్ కార్డుతో ఓడరేవు పనుల్లో చేరడం కుదరదు. వెల్డర్లకూ ఫిట్టర్లకూ దగ్గరి దారి పరికరాల సాంకేతిక నిపుణుడి పని: కంప్రెసరు నిర్వహణ, రెగ్యులేటరు విప్పి బిగించడం, సిలిండర్లను నిర్ణీత కాలానికోసారి జల పీడన పరీక్షకు పంపడం. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమావళిని అమలుపరిచే కేంద్ర సంస్థ పెసో ప్రధాన కార్యాలయం భిలాయ్ మీదుగా పోయే రైలు దారిలోనే, నాగపూర్‌లో ఉంది. మరమ్మతు తెలిసిన చేయి ఉన్న దుకాణానికి పొరుగు దుకాణాలు సైతం రెగ్యులేటర్లు పట్టుకొస్తాయి. పోటీదారులే గిరాకీదారులయ్యే విచిత్రం ఇది. ఇక నీటిలో దిగే పనే కావాలి, ఊరు విడవడం కుదరదు అనుకునేవారికి శివనాథ్ వంటి నదుల్లో గల్లంతైనవారిని వెతికే రాష్ట్ర విపత్తు స్పందన దళం ఒక దారి, అయితే అక్కడ కౌంటరు ఉండదు.

ఏ దుకాణంలో చేరాలో తేల్చుకోవడానికి వెబ్‌సైటులోని నీలి ఫోటోలు సాయపడవు. అభ్యర్థి సముద్రం ఎగసిపడుతున్న రోజు చూసుకుని వెళ్లి, ఒక పూట ఆ దుకాణం ముందు నిలబడితే మంచిది. పడవ బయలుదేరదని పర్యాటకులకు చెబుతున్నది యజమానో, నిన్న చేరిన కుర్రాడో, వాళ్ల డబ్బు అప్పుడే లెక్కపెట్టి ఇస్తున్నారో, రేపు రండి చూద్దామంటున్నారో, పక్క దుకాణం పడవ బయలుదేరితే వీళ్లూ హడావుడిగా లంగరు ఎత్తుతున్నారో అక్కడే తెలుస్తుంది.