పాత మోటారు కారులో నిప్పురవ్వ: పాయింట్ల నుండి ఎలక్ట్రానిక్ జ్వలనమునకు

పెట్రోలు ఇంజను నడచుటకు ఇంధనము, గాలి, నిప్పు అను మూడును కావలెను. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టను పైకి నొక్కినపుడు, ప్లగ్గు కొనయందు చిన్న నిప్పురవ్వ పుట్టి దానిని మండించును. ఆ రవ్వ బలహీనమైనను, వేళ తప్పినను బండి సరిగా నడువదు. పాత కార్లలో ఈ రవ్వ పుట్టుక ‘పాయింట్లు’ అను రెండు చిన్న లోహపు బిళ్లలపై ఆధారపడియుండును. వానిని తొలగించి ఎలక్ట్రానిక్ పరికరము నమర్చుట నేడు పలువురు చేయించుకొనుచున్న మార్పు. అది దేనికి, ఎట్లు, ఏ జాగ్రత్తలతో చేయవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు, బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మన కుటుంబములు స్థిరపడిన పట్టణములలో సుపరిచితములైన బండ్లు. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. బొంబాయి వీథులలో పద్మిని టాక్సీల కాలము 2023 అక్టోబరుతో ముగిసినది. అయినను తండ్రి కొన్న బండిని కాపాడుకొనువారును, అట్టి బండ్లను బాగుచేసి జీవించువారును మనలో నేటికిని ఉన్నారు. డీజిలు ఇంజనులో ప్లగ్గు రవ్వతో పనిలేదు గనుక, ఈ పాఠము పెట్రోలు బండ్లకు మాత్రమే వర్తించును.

పూర్వపు పద్ధతి

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే దీనికి మూలము. మన పిల్లలు ఉన్నత పాఠశాలలో చదువు పాఠమే ఇది. తీగచుట్టలో ప్రవహించు కరెంటును అకస్మాత్తుగా ఆపినచో దాని అయస్కాంత క్షేత్రము నశించును. అట్లు నశించుచు ప్రక్కనున్న మరియొక తీగచుట్టలో విద్యుత్తును పుట్టించును. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ ఈ సూత్రముపై నిర్మించిన బ్యాటరీ జ్వలన పద్ధతి 1910 నాటి క్యాడిలాక్ కార్లలో ప్రవేశించి, అనేక దశాబ్దములు లోకమంతటను నిలిచినది.

కాయిలు అను డబ్బాలో రెండు చుట్టలుండును. మొదటిది లావు తీగతో కొద్ది చుట్లు గలది. రెండవది వెండ్రుకవంటి సన్నని తీగతో వేలకొలది చుట్లు గలది. బ్యాటరీ నుండి వచ్చు 12 వోల్టుల కరెంటు మొదటి చుట్టలోనుండి పాయింట్ల మీదుగా పోవును. డిస్ట్రిబ్యూటరు నడుమ తిరుగు ఇరుసుపైనున్న క్యాము పాయింట్లను విడదీసిన క్షణమున ఆ కరెంటు తెగి, రెండవ చుట్టలో పదునైదు ఇరువది వేల వోల్టులు పుట్టును. రోటరు దానిని వంతుల ప్రకారము ఒక్కొక్క ప్లగ్గునకు పంచిపెట్టును. ప్రక్కనుండు కండెన్సరు, పాయింట్లు విడిపోవునపుడు వాని నడుమ రవ్వ లేవనీయక, కరెంటు చటుక్కున తెగునట్లు చేయును.

ఇచట పిల్లలచేత ఒక లెక్క చేయింపవచ్చును. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి సిలిండరునకు రెండు చుట్లకొక రవ్వ కావలెను. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో ఎన్ని రవ్వలు కావలెను? నిమిషమునకు 6,000, అనగా సెకనుకు 100. అన్నిసార్లును ఆ రెండు బిళ్లలు కలిసి విడిపోవలసినదే.

పాయింట్ల లోపము

ఇంత పనిచేయు వస్తువు అరగక మానదు. కరెంటు తెగు ప్రతిసారియు బిళ్లల ముఖములు కొద్దికొద్దిగా కాలి గుంటలు పడును. క్యాముపై ఒరయు మడమ అరిగినకొలది పాయింట్ల నడుమ ఎడము తగ్గును, ఎడము తగ్గినకొలది అవి ఆలస్యముగా విడిపోవును, రవ్వయు ఆలస్యమగును. అంతట బండి ఉదయమున త్వరగా అందుకొనదు, ఎత్తు ఎక్కలేదు, పెట్రోలు ఎక్కువ త్రాగును. లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటరులో ఈ ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు మాత్రమే. కావుననే కొన్నివేల కిలోమీటర్లకొకసారి రేకుతో కొలిచి సరిచేయుట తప్పనిసరియైనది.

కొత్త పరికరము చేయు పని

1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడిన పిమ్మట, లోహపు బిళ్లలు లేకయే కరెంటును తెంపుట సాధ్యమైనది. 1973 నాటికి క్రైస్లరు కంపెనీ అమెరికాలోని తన కార్లన్నిటికిని ఎలక్ట్రానిక్ జ్వలనమునే అమర్చినది. పాత బండ్లకు దొరకు పరికరములలో ఎక్కువ వాడుకలోనున్నది 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావముపై పనిచేయును. క్యాముపై అయస్కాంతములు పొదిగిన ఉంగరము తొడుగుదురు. ఒక్కొక్క అయస్కాంతము ఎదుటికి వచ్చినపుడు పరికరము దానిని గుర్తించి, లోపలి ట్రాన్సిస్టరుచే కాయిలు కరెంటును తెంపించును. ఒరయు మడమ లేదు, కాలు బిళ్ల లేదు.

ఇచట ఒక్క విషయము గట్టిగా గ్రహింపవలెను. మారినది కరెంటును తెంపు మీట మాత్రమే. కాయిలు, రోటరు, మూత, తీగలు, ప్లగ్గులు, వేగమును బట్టి రవ్వను ముందునకు జరుపు బరువులు, స్ప్రింగులు అన్నియు పాతవే. మూత పగిలినను, ఇరుసు ఊగులాడుచున్నను, కార్బురేటరు చెడినను కొత్త పరికరము వానిని బాగుచేయదు. రోగమేదో తెలియక మందు కొన్నట్లు, బండి నడువలేదని ఈ పరికరమును కొనుట ధనవ్యయమే.

అమర్చుటకు ముందు

మొదటిది: బ్యాటరీ ఏ కొన బండి శరీరమునకు కలుపబడినదో చూడవలెను. పూర్వపు బ్రిటిషు నమూనాలు కొన్నిటిలో ధనధ్రువమే శరీరమునకు కలుపబడియుండును. ఋణధ్రువపు పరికరమును అట్టి బండికి తగిలించినచో క్షణములో కాలిపోవును.

రెండవది: కాయిలు నిరోధమును కొలువవలెను. సాధారణపు 12 వోల్టుల కాయిలు మొదటి చుట్టకు సుమారు 3 ఓములు, విడి నిరోధకముతో కూడ నడచు కాయిలుకు సుమారు 1.5 ఓములు ఉండును. పరికరముతో వచ్చిన పత్రములో చెప్పినదానికంటె తక్కువ నిరోధమున్న కాయిలును కలిపినచో పరికరము వేడెక్కి చెడును.

మూడవది: ఇరుసు ఊగులాటను వ్రేళ్లతో కదిపి చూడవలెను. ఎక్కువగానున్నచో ముందుగా డిస్ట్రిబ్యూటరును బాగుచేయింపవలెను.

అమర్చు విధము

బ్యాటరీ తీగను విడదీసిన పిమ్మటనే పని మొదలిడవలెను. ప్లగ్గు తీగల వరుసను కాగితముపై వ్రాసికొనవలెను. మూతను, రోటరును తీసి, పాయింట్లను, కండెన్సరును విప్పవలెను. వాని స్థానమున పరికరమును బిగించి, క్యాముపై అయస్కాంతపు ఉంగరమును తొడిగి, రెంటి నడుమ పత్రములో చెప్పిన ఎడము నుంచవలెను. రెండు తీగల పరికరములలో ఎఱ్ఱ తీగ తాళము నుండి వచ్చు పూర్తి 12 వోల్టులకును, నల్ల తీగ కాయిలు ఋణకొనకును పోవుట సాధారణము. విడి నిరోధకమున్న బండిలో ఎఱ్ఱ తీగను ఆ నిరోధకమునకు ముందే కలుపవలెను. తీగలు తిరుగు భాగములకు తగులరాదు. వట్టి రాగి ప్లగ్గు తీగలకు బదులు నిరోధముగల తీగలను వాడవలెను; లేనిచో వాని అలజడి పరికరమును తడబరచవచ్చును. తుదకు స్ట్రోబు దీపముతో రవ్వ వేళను తప్పక సరిచూడవలెను. పరికరము మారగనే ఆ వేళ కొంత మారియుండును.

పని జరుగునపుడు పెట్రోలు ఆవిరి దరిదాపుల నుండరాదు. ఇంజను నడచుచుండగా ప్లగ్గు తీగలను చేతితో పట్టరాదు. ఇంజను ఆగియుండగా తాళమును తిప్పియుంచుటయు హానికరమే; కాయిలును, పరికరమును వేడెక్కును.

మేలు, కీడు

మేలు స్పష్టము: మాటిమాటికి సరిచేయు పని తప్పును, రవ్వ వేళ నిలుకడగా నుండును, బండి సులభముగా అందుకొనును. కీడును చెప్పకతప్పదు. పాయింట్లు చెడునపుడు ముందుగా సూచన ఇచ్చును; దారిప్రక్కన ఉప్పుకాగితముతో రుద్దియైనను ఇల్లు చేరవచ్చును. ఎలక్ట్రానిక్ పరికరము చెడినచో చెప్పకయే చెడును, దారిలో బాగుపడదు. కావున విప్పిన పాయింట్లను, కండెన్సరును పారవేయక, ఒక స్క్రూడ్రైవరు, ఎడము కొలుచు రేకుతో కూడ బండిలోనే భద్రపరచుకొనుట వివేకము.

తలిదండ్రులకు ఒక మాట

మనము నివసించు రాష్ట్రములలో మరమ్మతుశాల భాష ఒకటి, ఇంటి భాష మరియొకటి. వర్క్‌షాపులో పనిచేయు తండ్రికి కాయిలు గుణము చేతితో తెలియును. తెలుగున ‘ప్రేరణ’ పాఠము చదివిన కుమారునికో కుమార్తెకో దాని కారణము తెలియును. ఈ రెండు జ్ఞానములును ఒకే యింట నుండియు ఒకదానినొకటి ఎరుగకుండుట మన పిల్లలకు కలుగుచున్న నిజమైన నష్టము. పరీక్ష కాగానే పాఠమును మరచుటకును, చేతిపనిని చిన్నచూపు చూచుటకును ఇదియే కారణము. కావున డిస్ట్రిబ్యూటరు మూత తీసిన దినమున పిల్లలను దరికి పిలువుడు. విప్పిన పాయింట్లను వారి చేతికిచ్చి, కాలిన గుంటలను చూపుడు. కరెంటు తెగినపుడే రవ్వ ఏల పుట్టునో వారిచేత తెలుగులో చెప్పింపుడు. చెప్పలేనిచో పుస్తకము తెరువుమనుడు; చెప్పగలిగినచో ఆ పాఠము వారికి జీవితాంతము నిలుచును.