సంఘం పెట్టుకునే పిల్లలకు

జైనూర్‌లో విద్యార్థి సంఘం పెట్టుకుంటాం, మంచి పేరు చెప్పండి దాదా అని డిగ్రీ పిల్లలు మొన్న మా ఇంటికి వచ్చారు. పేరు సంగతి తర్వాత. ముప్ఫై ఏళ్లు ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పిన గోండు పంతులుగా ఈ మాటలు రాసిస్తున్నాను.

1. ముందు మార్లవాయి గూడేనికి వెళ్లి రండి. నిజాం సర్కారుపై తిరగబడ్డ మన గోండు వీరుడు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, మనవాళ్ల కష్టమేంటో తెలుసుకోవడానికి ఆ సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మనవాళ్ల మధ్యే కాపురం పెట్టాడు. 1943లో అక్కడే గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ మొదలైంది. అక్షరం ముక్క వచ్చినవాడు దొరకడమే గగనమైన రోజులవి. అరకొరగా వచ్చినవాళ్లనే కూర్చోబెట్టి నేర్పారు. వాచకాలు గోండీలో, దేవనాగరి లిపిలో. నేర్చుకున్నవాళ్లు గూడేలకు వెళ్లి బడులు నడిపారు. కొందరు సర్కారు కొలువుల్లో చేరారు. వాళ్లకు జెండా లేదు, అధ్యక్షుడు లేడు. అయినా మన దగ్గర మొదటి విద్యార్థి సంఘం వాళ్లదే అంటాను. ఒకడు నేర్చింది ఇంకొకడికి అందించారు కాబట్టి.

2. మన గోండుల్లో సగలు, అంటే వంశాల గుంపులు, ఉన్నాయి. నలుగురు అన్నదమ్ముల సగ, ఐదుగురిది, ఆరుగురిది, ఏడుగురిది. ఒకే సగలో పెళ్లి కుదరదు. పెళ్లికైనా చావుకైనా అవతలి సగవాళ్లు వచ్చి చేయాల్సిన పనులుంటాయి. మీ సంఘమూ అలాగే, ఒకరి పనికి ఇంకొకరు వచ్చేలా ఉండాలి. మన కథలు పాడే ప్రధాన్ తన కిక్రీ వాద్యం పట్టకపోతే మన పెద్ద దేవుడు పెర్సాపేన్ కథ ఎవరు పాడతారు? ప్రధాన్ పిల్లలనూ, మన పక్కనుండే కొలాం తెగ పిల్లలనూ పిలవండి. ఆడపిల్లలను ఊరికే పేరుకు కాదు, సంతకం చేసే చోట పెట్టండి.

3. లెక్కలు రాయండి. మేం హాస్టల్లో ఉన్నప్పుడు చిన్న సంఘంగా చేరి వారానికో రూపాయి వేసుకున్నాం, జ్వరమొచ్చినవాడికి బస్సు ఛార్జీకని. వంద పేజీల నోట్‌బుక్‌లో రాసేవాళ్లం. ఒకరోజు చూస్తే చివరి రెండు పేజీలు లేవు. పోయిన డబ్బు యాభై రూపాయలు కూడా ఉండదు. కానీ ఆ తర్వాత ఎవరి ముఖం ఎవరూ సరిగా చూడలేదు. సంఘం ఆ నెలలోనే పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

4. సమ్మెకు దిగేముందు, రేపు చదువు ఎక్కడ సాగుతుందో చూసుకోండి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో వందేమాతరం పాడారని వందలాది మంది విద్యార్థులను వెళ్లగొడితే నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. మన కరీంనగర్ వైపు వంగరకు చెందిన పి.వి. నరసింహారావూ ఆ గొడవలోనే నాగపూర్ దారి పట్టాడు. ఆ తలుపు తెరుచుకోకపోతే ఎన్ని చదువులు ఆగిపోయేవో!

5. హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో పోయింది. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. మీ మొదటి సమావేశం అక్కడ పెట్టండి. నోట్‌బుక్ నేను కొనిస్తాను. పిలవండి, వస్తాను.