కక్ష్యలో అలసంద మొలక: క్రాప్స్ పరిశోధన పేటిక నిర్మాణం, పరికరాలు

ఉపోద్ఘాతం

నిర్మల్ జిల్లా ఖానాపూర్ చేలో అలసంద (బొబ్బర) గింజను విత్తితే వేరు నేలలోకి, కాండం పైకి సాగుతాయి. వాన వెలిశాక అదనపు నీరు కిందికి ఇంకి, ఖాళీ అయిన రంధ్రాల్లోకి గాలి చేరుతుంది. ఈ పనులన్నిటి వెనుక గురుత్వాకర్షణ ఉన్నా, సేద్యపు లెక్కల్లో అది ఎన్నడూ కనిపించదు. అదే గింజను కక్ష్యలో మొలిపించాలంటే నేల ఉచితంగా చేసే ప్రతి పనికీ ప్రత్యేక ఏర్పాటు కావాలి.

వేదిక

2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి60 స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను కక్ష్యలోకి చేర్చింది. ఆ పని ముగిశాక దాని నాలుగో దశను వృథాగా వదలక, పోయెమ్-4 పేరిట 24 ప్రయోగ పరికరాలను మోసే పరిశోధన వేదికగా వినియోగించారు. సుమారు 350 కి.మీ. ఎత్తున తిరిగిన ఈ వేదికపై విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం రూపొందించిన క్రాప్స్ పేటిక ఒకటి. 8 అలసంద గింజలను మొలిపించి రెండాకుల దశ వరకు నిలపడం దాని లక్ష్యం.

నిర్మాణం, పరికరాలు

వేదికపై మనుషులు లేనందున పేటిక మూసి ఉండి, తనంతట తాను పనిచేయాలి. అందులోని ఏర్పాట్లు ఇవి:

1. వేరు మాధ్యమం: నీటిని పీల్చి నిలుపుకొనే రంధ్రయుతమైన బంకమట్టి, నెమ్మదిగా విడుదలయ్యే ఎరువు.
2. నీరు: భూమి నుంచి ఆదేశం అందగానే విద్యుత్ కవాటం తెరుచుకొని మట్టిని తడుపుతుంది.
3. వెలుతురు: ఎల్.ఈ.డి. దీపాలు 16 గంటలు వెలిగి, 8 గంటలు ఆరుతాయి. కక్ష్యలో సుమారు గంటన్నరకొకసారి సూర్యోదయం అవుతుంది కనుక పంటకు తగిన పగలు, రాత్రులను ఇలా కల్పించాలి.
4. ఉష్ణ నియంత్రణ: ఉష్ణోగ్రతను 20–30 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలుపుతుంది.
5. పరిశీలన: కెమెరాతో పాటు ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, గాలిలో తేమ, ఉష్ణోగ్రత, మట్టి తేమలను కొలిచే సాధనాలు.

గురుత్వం లోపించినప్పుడు

వేరు తొడుగులోని పిండి రేణువులు కణాల అడుగుకు చేరి వేరుకు కింది దిక్కును సూచిస్తాయి. కక్ష్యలో ఆ సూచన అందదు. వెలుతురు, తేమల వ్యత్యాసమే వేరుకు దారి చూపాలి. నీరు కిందికి దిగక వేరు చుట్టూ పొరలా అంటుకోవడంతో ఆక్సిజన్ కొరత ఏర్పడే ప్రమాదముంది. వేడిగాలి పైకి లేవదు కనుక ఆకు చుట్టూ గాలి సహజంగా కదలదు. మాధ్యమపు రంధ్రాల పరిమాణం, నీటి మోతాదు కీలకం కావడానికి కారణమిదే.

ఫలితం, దాని పరిమితి

ప్రయోగించిన 4 రోజుల్లో గింజలు మొలకెత్తాయి. ఆపై కొద్ది రోజులకే ఆకులు విచ్చుకున్నాయి. అయితే మొలక దశలో ఆహారం చాలావరకు బీజదళాల నిల్వల నుంచే అందుతుంది. పూత, కాయ, దిగుబడి గురించి ఈ ప్రయోగం ఏమీ చెప్పదు. 8 గింజలతో చేసినది పరికరాల పనితీరుకు పరీక్షే కాని, పంట పరీక్ష కాదు. దీనిని అంతరిక్ష సేద్యమని రైతులకు చెప్పడం శాస్త్రీయం కాదు.

విస్తరణ పాఠం

విద్యార్థులు రెండు కుండీల్లో ఎనిమిదేసి అలసంద గింజలు విత్తి, ఒకదాని అడుగున రంధ్రాలు ఉంచి, మరొకదాన్ని మూసి, రెండింటికీ సమానంగా సమృద్ధిగా నీరు పోసి పోల్చాలి. మూసిన కుండీలో మొలక దెబ్బతినడానికీ, ముసురు వానల్లో నల్లరేగడి చేలలో అపరాలు పసుపుబారడానికీ మూలం ఒకటే: వేరుకు గాలి అందకపోవడం. కక్ష్యలో దీనికి విరుగుడు రంధ్రయుతమైన మట్టి, కొలిచి ఇచ్చే నీరు. ఖానాపూర్ చేలో మురుగు కాలువ, బోదెలపై విత్తడం.