లైను చివరి మోటారు ఎందుకు కాలుతుంది?

వరంగల్ ప్రాంతపు పల్లెల్లో బావులు, బోర్ల మీద ఆధారపడిన సేద్యం ఎక్కువ. వరి పొట్టకొచ్చిన రోజుల్లో మోటారు కాలిపోతే రైతుకు రెండు నష్టాలు: వైండింగు ఖర్చు ఒకటి, ఎండిపోయే పంట మరొకటి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి మోటారు కన్నా లైను చివరనున్న మోటారుకే ఈ ప్రమాదం ఎక్కువ. ఎందుకో చూద్దాం.

కరెంటును తీగలో నెట్టేది వోల్టేజి; దీనిని వోల్టులలో కొలుస్తాం. కరెంటును ఆంపియర్లలో కొలుస్తాం. కరెంటుకు తీగ కలిగించే ఆటంకమే నిరోధం. దీని కొలత ఓము. ఈ మూడింటి సంబంధాన్ని జర్మనీలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గియోర్గ్ సైమన్ ఓమ్ ప్రయోగాల ద్వారా కనుగొని, 1827లో గ్రంథరూపంలో ప్రకటించాడు. లోహపు తీగ ఉష్ణోగ్రత మారనంతవరకు:

వోల్టేజి = కరెంటు × నిరోధం

తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది. తీగ లావైతే తగ్గుతుంది.

ఇక ఒక లెక్క. రైతుల మోటార్లు ఎక్కువగా మూడు ఫేజులవి. లెక్క సులువుగా ఉండేందుకు ఒకే ఫేజు తీసుకుందాం. ట్రాన్స్‌ఫార్మరు వద్ద 230 వోల్టులు ఉన్నాయి. పోను, రాను తీగల నిరోధం మొత్తం 2 ఓములు. లైను చివర ఒక్క మోటారు 5 ఆంపియర్లు తీసుకుంటే, తీగలోనే 5 × 2 = 10 వోల్టులు ఖర్చవుతాయి. మోటారుకు 220 అందుతాయి. అక్కడే నాలుగు మోటార్లు ఒకేసారి నడిస్తే? 20 × 2 = 40. అందేది 190 వోల్టులే!

కాలువ చివరి పొలానికి నీరు తగ్గినట్టే ఇదీ అనుకోకండి. కాలువ నీరు దారిలో ఇంకిపోతుంది. కరెంటు మాత్రం తీగలోంచి కారిపోదు, తగ్గేది వోల్టేజి.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గాలి కదా, మోటారు ఎందుకు కాలాలి? మోటారు వట్టి తీగచుట్ట కాదు. తిరిగేటప్పుడు అది తనలో ఎదురు వోల్టేజిని పుట్టించి, కరెంటును అదుపులో ఉంచుతుంది. సరఫరా వోల్టేజి పడిపోయినా తోడవలసిన నీటి బరువు తగ్గదు. అందుచేత మోటారు వేగం తగ్గి, ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు 1.2 రెట్లయితే వేడి 1.44 రెట్లు! ఆ వేడికి తీగ మీది పూత మాడిపోతుంది.

మరి మార్గం? ఒకే సామర్థ్యాన్ని ఎక్కువ వోల్టేజి వద్ద పంపితే తక్కువ కరెంటు చాలు. 400కు బదులు 11,000 వోల్టుల వద్ద పంపితే కరెంటు సుమారు 27వ వంతుకు దిగుతుంది. అందుకే 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 11,000 వోల్టుల లైనును పొలాల దాకా తెచ్చి, కొద్దిపాటి మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి అమలులోకి వచ్చింది.

ఇప్పుడు మీరు చెప్పండి: పై లెక్కలో తీగ నిరోధం సగమైతే, నాలుగు మోటార్లు మొత్తం 20 ఆంపియర్లే తీసుకుంటున్నప్పుడు ఎన్ని వోల్టులు అందుతాయి? (జవాబు: 210.) లెక్కలు కాగితం మీదే చేయండి, స్టార్టరు పెట్టె జోలికి మాత్రం పోకండి!