గొలుసు రంపమునకు క్రొత్త పిస్టను

కలప కోయు గొలుసు రంపమును మీలో పెక్కుమంది చూచియుందురు. అడితీలలోను, సరుగుడు తోపులలోను దీనిని చైన్‌సా అనియే పిలుతురు. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినపుడు, గంజాం జిల్లాలో త్రోవలకు అడ్డముగా పడిన చెట్లను తొలగించుటకు ఇట్టి రంపములే అక్కరకు వచ్చినవి. దీనిని నమ్ముకొని కూలి చేయు కుటుంబములు కలవు. ఇంజను పట్టివేసి రంపము నిలిచినచో ఆ యింటి రాబడియు నిలుచును. అప్పుడు అంగడివాడు రెండు పిస్టనులు చూపును. ఒకటి రంపము చేసిన సంస్థవారిది, మిక్కిలి ప్రియము. రెండవది బయటి తయారీ, చౌక. చౌకదానిని కొనరాదని నేను చెప్పను. కాని కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు కొన్ని కలవు. అవి చేయనివాడు ఒకే యేట రెండు పిస్టనులు కొనును.

మొదట పాత పిస్టను ఏల చెడెనో తెలిసికొనవలెను. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. దీనికి వేరుగా నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే లోపలి భాగములన్నిటిని తడుపును. పెక్కు రంపములకు 50 పాళ్లు పెట్రోలునకు ఒక పాలు నూనె, అనగా లీటరునకు 20 మిల్లీలీటర్లు. పిస్టను చుట్టును సమముగా గీరుకొనిపోయినచో ఆ నూనె కలపలేదని అనుమానింపవలెను. పొగ వెడలు ద్వారము వైపున మాత్రమే కాలి గీరినచో, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనదని గుర్తు. కార్బురేటరు వైపున సన్నని మసక గీతలున్నచో, గాలి జల్లెడ దాటి ధూళి లోపలికి పోయినది. కారణమును సరిచేయక క్రొత్త పిస్టనును తొడిగినచో, అది ఎంత వెల గలదైనను పాతదాని దారినే పోవును.

గాలి ఎక్కడనుండి చొరబడుచున్నదో కంటికి కనబడదు. ద్వారములను రబ్బరుతో మూసి, క్రాంకు పెట్టెలోనికి చేతిపంపుతో సుమారు అర బారు ఒత్తిడి ఎక్కించి, గేజి ముల్లు నిలకడగా నున్నదో లేదో చూడవలెను. పిమ్మట లోపలి గాలిని అంతే లాగియు చూడవలెను. కొన్ని సీళ్లు త్రోసినపుడు బిగిసియుండి లాగినపుడు వదలును. మన మెకానిక్కులలో ఈ రెండవ పరీక్ష చేయువారు అరుదు.

ఇక కొలతలు. స్టిల్ సంస్థవారి 044 రంపమును ఉదాహరణముగా తీసికొందము. పిమ్మట దీనికే ఎం.ఎస్. 440 అని పేరు వచ్చినది. దీని బోరు 50 మి.మీ., స్ట్రోకు 36 మి.మీ. వ్యాసార్ధము 2.5 సెం.మీ. గనుక 3.1416 × 2.5 × 2.5 × 3.6 లెక్కించినచో 70.7 ఘన సెంటీమీటర్లు వచ్చును. హస్క్‌వర్నా సంస్థవారి 372 ఎక్స్‌పి రంపమునకును బోరు 50, స్ట్రోకు 36. అయినను ఒకదాని పిస్టను మరొకదానికి చెల్లదు. అంతేకాదు, 044 లోనే మొదటివాటికి పిస్టను పిన్ను 10 మి.మీ., తరువాతివాటికి 12 మి.మీ. కావున రంపము పేరు చెప్పి కొనుట చాలదు. పాత పిస్టనును, పిన్నును చేతబట్టుకొని, వెర్నియరుతో కొలిచి కొనవలెను.

పిన్ను నడిమి నుండి పిస్టను తలవరకు గల ఎత్తు ముఖ్యమైనది. ఎక్కువైనచో తల సిలిండరు పైకప్పును కొట్టును. తక్కువైనచో బలము తగ్గును. పిన్నునకు దిగువనున్న అంచు పొట్టిదైనచో మరియొక చిక్కు కలదు. పిస్టను పైకి పోయినపుడు ఆ అంచు క్రిందనుండి పొగద్వారము తెరచుకొని, క్రాంకు పెట్టెకు దారి యేర్పడును. రంపము నడచును గాని సరిగా నడువదు. కారణము ఎవ్వరికిని అంతుపట్టదు. పాతదానిని, క్రొత్తదానిని ఒకే పిన్నుపై ప్రక్కప్రక్కన నిలిపినచో ఈ తేడాలు రెండును ఒక్క చూపున తెలియును. రెండింటిని తూకము వేయుటయు మంచిది. క్రాంకు యొక్క సమతూకము అసలు పిస్టను బరువును బట్టి కుదిర్చినది.

లోహమును చూచి నాణ్యము చెప్పుట కష్టము. పిస్టను అల్యూమినియముతో సిలికాను కలిపి పోసినది. సిలికాను వలన వేడికి ఉబ్బుట తగ్గును. అయినను 50 మి.మీ. పిస్టను 200 డిగ్రీలు వేడెక్కినచో వ్యాసమున సుమారు 0.2 మి.మీ. పెరుగును. సిలిండరును కొంత పెరుగును గాని, విసనకఱ్ఱ గాలికి అది చల్లగా నుండును. ఆ కొద్దిపాటి సందులోనే యంత్రము బ్రతుకవలెను. మిశ్రమము చెడ్డదైనచో ఆ సందు పూడిపోవును. కావున చేసినవాని పేరు చూడవలసి యున్నది. జర్మనీలోని మాలే సంస్థవారి ముద్ర స్టిల్ రంపముల అసలు సిలిండర్లు పెక్కింటిపై కనబడును. ఇటలీలోని మీటియర్ సంస్థవారు తమ పేరుతోనే పిస్టనులు అమ్ముదురు. ఎవ్వరి పేరును లేని పెట్టెలో వచ్చినదానిని నేను కొనను.

బయటి తయారీ పిస్టనులలో మొదట చెడునది పిస్టను కాదు, రింగును సర్‌క్లిప్పును. రింగును ఒంటరిగా సిలిండరులో దించి, కొనల నడిమి సందును ఫీలరు గేజితో కొలువవలెను. వ్యాసములో 250వ వంతు వాడుక, అనగా 50 మి.మీ.కు 0.2. సందు లేకున్నచో వేడికి కొనలు ఒండొంటిని త్రోసికొని రింగు విరుగును. సిలిండరు పూతయు చూడవలెను. లోపల గట్టి క్రోమియపు పూతయో, నికెలులో సిలికాన్ కార్బైడు కలిపిన నికసిల్ పూతయో ఉండును. ఈ రెండవదానిని మాలే వారు 1967లో వెలువరించిరి. క్రోమియపు బోరులో క్రోమియపు రింగు వేయరాదు.

సర్‌క్లిప్పు ఊడినచో పిస్టనుతో పాటు సిలిండరును పోవును. నిమిషమునకు 13,500 చుట్లు తిరుగు యంత్రములో పిస్టను సెకనుకు 450 సారులు ఆగి వెనుదిరుగును. ఆ కుదుపును తట్టుకొనవలసినది గుండుసూదియంత తీగ! పాత క్లిప్పును మరల వాడరాదు. చౌక పిస్టనుతో వచ్చిన మెత్తని క్లిప్పును పారవైచి, అసలు సంస్థవారిదే వేయవలెను. దాని వెల స్వల్పము. దాని తెరపి పైకి గాని క్రిందికి గాని ఉండవలెను. ప్రక్కకు ఉంచినచో కుదుపులకు కొనలు ముడుచుకొని జారవచ్చును. పిస్టను తలపై బాణపు గుర్తు పొగద్వారము వైపు చూడవలెను. రింగు కొనలు గాడిలోని చిన్న మొలకు ఇరువైపుల కూర్చుండవలెను. లేనిచో కొన ద్వారములో తగుల్కొని విరుగును.

బిగించిన పిమ్మట స్పార్కు ప్లగ్గు తీసి చేతితో నెమ్మదిగా త్రిప్పిచూడుడు. ఎచ్చటను తగులరాదు. తొలి తొట్టి పెట్రోలు అయిపోవువరకు కార్బురేటరును కొంచెము ధారాళముగా నుంచి, లావు దుంగలకు పోక సన్నని కొమ్మలు కోయవలెను. యంత్రము చల్లారిన తరువాత సైలెన్సరు విప్పి, పొగద్వారము గుండా పిస్టను ప్రక్కను దీపపు వెలుగులో పరిశీలింపుడు. నిలువు గీతలు కనబడినచో మరల నడుపక గాలి కారుటను వెదకవలెను. ప్రక్క నున్నగా నున్నచో సైలెన్సరును బిగించి రంపమును పనికి పంపవచ్చును.