కిరాయి యిల్లు మారునప్పుడు
తాండూరు, వికారాబాదు ప్రాంతముల కుటుంబములకు కొన్ని సూచనలు

చుట్టుపట్ల గ్రామములనుండి తాండూరునకు బ్రతుకుదెరువుకై కుటుంబములు వచ్చుట నేటి మాట కాదు. నాపరాతి గనులు, బండలకు నునుపుపెట్టు పాలిషింగు కర్మాగారములు, సిమెంటు పరిశ్రమ, కందుల వ్యాపారము వారిని రప్పించుచున్నవి. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైన పిదప వికారాబాదునకు సైతము కొలువులకై, పిల్లల చదువులకై వచ్చువారు కలరు. వీరిలో పెక్కురు కిరాయి యిండ్లలో కాపురముందురు. సామానంతయు ఒక ట్రాలీ ఆటోలో పట్టును. కాని ఆ కుటుంబమునకు ప్రభుత్వమునుండి లభించు సహాయము ఆటో ఎక్కి తనంతట తాను రాదు. దేనిని ఎట్లు వెంట తెచ్చుకొనవలెనో తెలిసికొననిచో, క్రొత్త యింటిలో మొదటి నెలలలోనే నష్టము వాటిల్లును.

పెద్దేముల్ మండలములోని ఒక పల్లెనుండి తాండూరునకు వచ్చిన కుటుంబమును ఊహింతము. వితంతువైన తల్లి, బండల పనికి పోవు కుమారుడు, కోడలు, ఇద్దరు పిల్లలు.

బియ్యము విషయమున వీరికి చింత లేదు. తలకు 6 కిలోల చొప్పున ఐదుగురకు రావలసిన 30 కిలోలను రాష్ట్రములోని ఏ రేషను దుకాణమునందైనను వ్రేలిముద్ర వేసి పొందవచ్చును. కార్డులో పేరుండి, ఆధార్ కలిసియున్న ఒక్కరు వెళ్లిన చాలును. రాష్ట్రము దాటి సేడం వంటి కర్ణాటక పట్టణమునకు పోవువారు మాత్రము ఒక్కటి గమనింపవలెను. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణముల నడుమను, మహారాష్ట్ర, గుజరాతుల నడుమను మొదలై, 2022 నాటికి దేశమంతట వ్యాపించిన ‘ఒకే దేశము–ఒకే రేషను కార్డు’ పద్ధతి కేంద్ర ఆహారభద్రతా చట్టము క్రిందనున్న కార్డులకే చెల్లును. రాష్ట్రము తన ఖర్చుపై ఇచ్చిన కార్డులకు చెల్లదు.

పింఛను సంగతి వేరు. ఆసరా పథకము 2014లో ఆరంభమైనది. వృద్ధులకు, వితంతువులకు ఇచ్చు మొత్తము 2019లో 2,016 రూపాయలకు హెచ్చినది. పల్లెలలో ఈ సొమ్ము తపాలా కార్యాలయము ద్వారా, పట్టణములలో బ్యాంకు ఖాతా ద్వారా అందును. కనుక ఆ తల్లి పల్లె పట్టికలోనే ఉన్నంతకాలము నెలనెలా అచ్చటికి పోయి రావలెను. రాకపోకల ఖర్చు ఒక ప్రక్క, కూలి పోగొట్టుకొని కుమారుడు తోడు పోవుట మరియొక ప్రక్క. వరుసగా కొన్ని నెలలు తీసికొననిచో ‘ఊరిలో లేరు’ అని పింఛను నిలిచిపోవు ప్రమాదమును కలదు. ఇల్లు మారక మునుపే మండల పరిషత్తు అభివృద్ధి అధికారి కార్యాలయములో అడిగి, బదిలీకై అర్జీ ఇచ్చి, దాని నకలు దగ్గర ఉంచుకొనవలెను.

కిరాయిదారులు మిక్కిలి మోసపోవునది కరెంటు విషయమున. 2024 మార్చి బిల్లులనుండి అమలైన గృహజ్యోతి కిరాయిదారులకును వర్తించును. నెలకు 200 యూనిట్లు మించకున్న జీరో బిల్లు వచ్చును. మించినచో బిల్లు మొత్తము కట్టవలసినదే. బియ్యము వ్రేలిముద్ర వెంట వచ్చును గాని ఈ రాయితీ మీటరు వెంట నుండును. రేషను కార్డు నంబరు ఏ సర్వీసు నంబరుతో కలిసియున్నదో ఆ యింటికే చెల్లును. కుటుంబము వెడలిపోయినను పాత ముడి అట్లే ఉండును. క్రొత్త యింటిలో బిల్లు పడును. పాత యింటిలో దిగినవారికిని చిక్కు వచ్చును. పాత బిల్లు, క్రొత్త యింటి బిల్లు, రేషను, ఆధార్ కార్డులు తీసికొని మండల పరిషత్తు లేక పురపాలక కార్యాలయములోని ప్రజాపాలన సేవాకేంద్రమున మార్పు చేయించుకొనవలెను. పాత బిల్లును సామానుతోపాటు పారవేయరాదు.

ఇచ్చట యజమానుల భయమొకటి కలదు. “నీ కార్డు నంబరు నా మీటరుకు కలిపితే రేపు ఇల్లు నీదంటవా ఏంది, పెద్దమ్మా?” అని అడుగువారు లేకపోలేదు. ఈ భయము నిరాధారము. కార్డును మీటరుతో కలిపినంతమాత్రమున ఇంటిపై ఎట్టి హక్కు రాదు. బిల్లు జీరో వచ్చుచుండగా కిరాయిదారునియొద్ద కరెంటు సొమ్ము వేరుగా వసూలు చేయుట మాత్రము అన్యాయమే.

అడ్వాన్సు ఇచ్చుటకు ముందు మీటరును స్వయముగా చూడవలెను. మూడు వాటాలకు ఒకే మీటరున్నచో, వాటాకు 70 యూనిట్లు కాలినను మొత్తము 210 అగును, ఎవరికిని జీరో బిల్లు రాదు. వేరు మీటరు గల వాటాకు కిరాయి నూరు రూపాయలు హెచ్చైనను అదియే చౌక కావచ్చును. పాత బకాయి ఉన్నదేమో బిల్లులో చూడవలెను. బకాయి మనిషి పేర గాక మీటరు పేర నుండును.

ఇక ఒప్పందము. కిరాయి పత్రమును పదకొండు నెలలకు వ్రాసికొనుట వాడుక. చిన్న కాగితమైనను సరే, అడ్వాన్సు ఎంత, కిరాయి ఎంత, కరెంటు ఎవరిది అను మూడు మాటలు అందులో ఉండవలెను. కిరాయి ముట్టినట్లు నెలనెలా రసీదు అడుగుటకు సంకోచింపరాదు. నోటిమాటపై నెలకిరాయికి ఉన్నవారినైనను ‘రేపే ఖాళీ చేయుడు’ అనుటకు వీలులేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము 15 దినముల నోటీసు కావలెను. కార్యాలయముల చుట్టు తిరిగి కరెంటు, పింఛను మార్పించుకొనుటకు ఆ కుటుంబమునకు దొరకు వ్యవధియు ఆ పదునైదు దినములే.